ఇది నువ్వు చదవాల్సిన పుస్తకం

మన హైస్కూల్లో లైబ్రరీకంటూ విడిగా గది ఉండేది కాదు. హెడ్మాస్టారి గది బయట వరండాలో రెండు ఇనప బీరువాలు, వాటి తాళాలు తెలుగు మాస్టారి జేబులో. శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి బీరువాలు తెరిచేవారు. 1986లో పదో తరగతి పరీక్షలు రాసిన మేము ఎప్పుడు కలిసినా ఆ బీరువాల మాట రాకుండా పోదు. మా తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళకి అవి గుర్తున్నా, వాటితోపాటు ఉండే రిజిస్టరు సంగతి తెలియకపోవచ్చు. అందుకే ఈ వ్యాసం.

అది పొడుగాటి లెడ్జరు. పుస్తకం నంబరు, పేరు, తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ, సంతకం. ఏ లైబ్రరీలోనైనా ఇవే ఉంటాయి. మా మాస్టారు వాటి పక్కన స్కేలు పెట్టి ఎర్ర సిరాతో ఇంకో గడి గీశారు. పైన "తర్వాత ఎవరికి? ఎందుకు?" అని రాశారు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆ గడి నింపితేనే కొత్త పుస్తకం చేతికొచ్చేది. "బాగుంది" అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "బాగుంటే సంతోషం. ఎవరికి బాగుంటుందిరా?" అని అడిగేవారు. క్లాసులో ఉన్న ఎవరో ఒకరి పేరు రాయాలి, ఒక వాక్యంలో కారణం చెప్పాలి. వచ్చే శుక్రవారం ఆ పేరున్న వాణ్ణి పిలిచి, "నీ గురించి ఫలానా వాడు ఇట్లా రాశాడు, చదివి చూడు" అని పుస్తకం చేతిలో పెట్టేవారు. నీ కోసమే అని ఒకరు రాశాక వద్దనడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ గడి నింపడం కోసం మేము పుస్తకాలతోపాటు ఒకళ్ళనొకళ్ళం గమనించడం నేర్చుకున్నాం.

మగ్గాల వీధి నుంచి వచ్చే ఒక కుర్రాడు ఉండేవాడు. బడి వదలగానే ఇంటికి పోయి కండెలు చుట్టాలి. పుస్తకాల మీద ధ్యాస ఉండేది కాదు కానీ, ఏ ఊరికి ఏ రైలు పోతుందో, ఎన్ని గంటలకు ఎక్కడ ఆగుతుందో అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. వాడి పేరు ఎదురుగా మాస్టారే స్వయంగా ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' రాశారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న పరివారంతో బయలుదేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరాడు. రైలు లేని రోజులు. ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, ఏ ఊరి బజార్లో ఏం దొరుకుతుంది, ఎక్కడ దారి రాళ్ళమయం, ఎక్కడ ఏరు దాటాలి, అన్నీ రాసిపెట్టాడు. భాష పాతది, వాడికి కొరుకుడు పడలేదు. మాస్టారు పక్కన కూర్చోబెట్టుకుని, "క్షేత్ర మాహాత్మ్యాలు తర్వాత చూద్దువుగాని, ముందు దారి చదువు" అన్నారు. వాడు ఒక నోట్సు తీసి మజిలీలన్నీ వరసగా రాసుకున్నాడు. ఇప్పుడు రైల్వేలో గార్డు. డ్యూటీలో ఏ స్టేషన్లో బండి ఎక్కువసేపు ఆగినా, ఈ ఊరు దాటి వీరాస్వామి ఎటు పోయుంటాడా అని ఆలోచిస్తానని మొన్న ఫోన్‌లో చెప్పాడు.

మా పోస్ట్‌మాస్టర్ గారి అమ్మాయి కథ వేరు. అప్పట్లో ఆడపిల్లల మధ్య నవలలు నడిచే దారి వేరుగా ఉండేది. వీక్లీల్లో సీరియల్ పేజీలు చింపి, సూదీ దారంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసి, ఇల్లిల్లూ తిప్పేవాళ్ళు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' ఆ అమ్మాయి జాగ్రఫీ పుస్తకంలో దొరికింది. ఇప్పుడు అక్షింతలు పడతాయని క్లాసంతా టెన్షన్. మాస్టారు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "జయంతికి ఆత్మాభిమానం ఎక్కువ కదమ్మా, నీకు నచ్చింది అదేనా?" అని అడిగారు. ఆ అమ్మాయి తల ఊపింది. మర్నాడు మాస్టారు తమ ఇంట్లోంచి స్వాతి మాసపత్రిక పాత సంచికలు తెచ్చిచ్చారు. వాటిల్లో మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షిక ఉండేది. ఇంగ్లీషు నవలల్ని తెలుగు పాఠకులకి పరిచయం చేస్తూ, కథ మొత్తం తన మాటల్లో చెప్పేవారామె. ఇంగ్లీషు రాని వేల ఇళ్ళల్లోకి ప్రపంచ సాహిత్యం అలాగే వచ్చింది. పుస్తకం చదివి ఇంకొకరికి చెప్పే పనిని అంత ఓపిగ్గా, అన్నేళ్ళు చేసిన మనిషి తెలుగులో మరొకరు లేరని నా నమ్మకం. మా పోస్ట్‌మాస్టర్ గారమ్మాయి ఆ తర్వాత ఎమ్మే ఇంగ్లీషు చదివింది.

డిటెక్టివ్ నవలల విషయంలో ఇళ్ళల్లో గొడవలయ్యేవి. చీరాలలో అద్దె పుస్తకాల షాపు నుంచి మధుబాబు షాడో నవలలు తెచ్చి, రాత్రికి రాత్రి ముగ్గురు చదివి, పొద్దున్నే తిరిగిచ్చేవాళ్ళు. మాస్టారు వాటిని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు. "వీడికి చదివే వేగం వచ్చింది, దాన్ని పోగొట్టకూడదు" అనేవారు. ఆ వేగానికి తగ్గది ఇవ్వాలని మా పక్క బెంచీ వాడికి నండూరి రామమోహనరావు అనువదించిన 'టామ్ సాయర్' ఇచ్చారు. అది అయ్యాక 'హకల్‌బెరీ ఫిన్', అది అయ్యాక 'కాంచన ద్వీపం'. ముగ్గురు నలుగురు వాణ్ణి చుట్టుముట్టి కథ చెప్పించుకునేవాళ్ళు. అప్పుడు మాస్టారు అదే నండూరి వారి 'విశ్వరూపం' తీశారు. "ఆయనే రాశాడురా ఇది కూడా. ఈసారి పడవ నదిలో పోదు, నక్షత్రాల్లోకి పోతుంది" అన్నారు. లెక్కల్లో అత్తెసరు మార్కుల వాడు, కాంతి సంవత్సరం అంటే ఏమిటో మాకు నేలమీద సుద్దముక్కతో గీసి చెప్పాడు. చీరాలలో విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల ప్రదర్శన పెడితే, దాచుకున్న డబ్బులతో సోవియట్ పుస్తకం ఒకటి కొనుక్కున్నాడు. మందపాటి కాగితం, గట్టి అట్ట, ధర చూస్తే నమ్మబుద్ధయ్యేది కాదు.

ఇక ఆ రిజిస్టరులో నాకు బాగా గుర్తున్న పేజీ గురించి చెప్పాలి. పేట నుంచి వచ్చే ఒక మిత్రుడు వెనక బెంచీలో కూర్చునేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక శుక్రవారం తనంతట తనే లేచి జాషువా 'గబ్బిలం' అడిగి తీసుకున్నాడు. 1941లో వచ్చిన కావ్యం. గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు, కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం ఆ గబ్బిలానికి ఉంది. వారం గడిచాక మిత్రుడు పుస్తకం తిరిగిచ్చి, ఆ ఎర్ర గడిలో ఎవరి పేరూ రాయలేదు. "క్లాసులో అందరికీ" అని రాశాడు. ఎందుకు అన్నచోట ఏమీ రాయలేదు. మాస్టారు అది చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ శుక్రవారం ఎవరికీ పుస్తకాలు ఇవ్వలేదు. 'గబ్బిలం' తెరిచి మొదటి పద్యం నుంచి రాగం తీసి చదివారు. తర్వాతి శుక్రవారాలు కూడా అదే. పద్యం అంటే అర్థతాత్పర్యాలు బట్టీ పట్టడమే అనుకున్న మాకు, పద్యం చదువుతున్న మనిషి గొంతు పూడుకుపోవడం అప్పుడే తెలిసింది. వెనక బెంచీలో నా మిత్రుడు తలెత్తి కూర్చుని విన్నాడు.

ఆదివారాలు సైకిళ్ళేసుకుని వేటపాలెం సారస్వత నికేతనానికి పోయేవాళ్ళం. 1918లో మొదలైన గ్రంథాలయం అది. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. మాకు మాత్రం అక్కడ నచ్చింది పెద్దవాళ్ళ మాటలు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన పత్రిక మడిచి పెడుతూ, "ఏం చదువుతున్నారురా అబ్బాయిలూ, ఇది చూశారా?" అని పలకరించి, ఏదో ఒక పుస్తకం పేరు చెప్పేవారు. మన ప్రాంతంలో ఆ అలవాటు పాతదే. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరికీ పంపించారు. పుస్తకం దగ్గరికి జనం రావాలని వాళ్ళు కూర్చోలేదు.

నా పేరు ఎదురుగా ఎవరేం రాశారో కూడా చెప్పాలి కదా. "వీడికి వాళ్ళ నాయనమ్మ మాటలంటే ఇష్టం" అని రాసి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' నాకిమ్మన్నాడు నా నేస్తం. ఆ పుస్తకంలో తెలుగు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నట్టు. వేదం చదవాల్సిన కుటుంబంలో పుట్టిన పిల్లవాడు తెలుగు కోసం ఎంత పంతం పట్టాడో చదివి, నేను మా నాయనమ్మకి కొన్ని పేజీలు వినిపించాను. ఆవిడ విని, "వీళ్ళది గోదావరి అవతలి మాటరా" అంది.

ఉద్యోగంలో చేరి నిజామాబాద్ వెళ్ళాక, అక్కడి కొలీగ్ ఒకాయన "మా డిచ్‌పల్లి ఆస్పత్రిలో కుష్ఠురోగులకి వైద్యం చేసే డాక్టర్ గారు రాశారు, మీరు చదవాలి" అని కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇచ్చారు. పందులు మేపుకునే ఒక ముసలివాడు, మందతో తిరిగిరాని చూలు పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. కథంతా దాదాపు ఆ ఒక్క రాత్రే. అడవిలో ప్రతి చప్పుడుకీ ఆ ముసలివాడికి అర్థం తెలుసు. చివరికి ఏమవుతుందో ఇక్కడ రాయను. చిన్న నవల, కూర్చుంటే ఒక్క బిగిన అయిపోతుంది. మన బ్యాచ్‌లో పల్లెలు వదిలి వచ్చిన ప్రతివాళ్ళకీ దీన్ని చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో కూడా పుస్తకాల పేర్లు తిరుగుతుంటాయి. "తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" లాంటి లిస్టులు వస్తే అందరూ దండం పెట్టే బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అదే ఖమ్మంలో ఉన్న మా నేస్తురాలు, "అమెరికాలో పుట్టిన మీ అబ్బాయికి తాతల కాలం తెలంగాణ గురించి చెప్పాలంటే ముందు నువ్వు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' చదువు" అని ఒకరికి పెడితే, డల్లాస్‌లో ఉన్న ఆయన వారం తిరక్కుండా తెప్పించుకున్నాడు. చదివాక వాళ్ళిద్దరూ రాత్రి పొద్దుపోయేదాకా దాని గురించే మాట్లాడుకున్నారట.

బడిలో ఇప్పుడు లైబ్రరీకి గది ఇచ్చారు. ర్యాకులు మన 1991 బ్యాచ్ వాళ్ళు చేయిస్తున్నారు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు మనిషికో పుస్తకం తెద్దామని అనుకున్నాం. కొత్తదే కానక్కర్లేదు. అయితే మొదటి పేజీలో అది ఎట్లాంటి పిల్లకో, ఎట్లాంటి పిల్లాడికో ఒక వాక్యం రాసి తేవాలి. ఊళ్ళు తిరగాలని ఉన్నవాళ్ళకి అని రాసి, గార్డు గారు వీరాస్వామిని తెస్తున్నారు. 'విశ్వరూపం' వస్తోంది. 'గబ్బిలం' పది ప్రతులు కావాలని నేను అడిగాను, ఇద్దరు ఒప్పుకున్నారు. చందమామలు ఇంకా ఎవరూ ఇస్తామనలేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ ఉన్న పాత సంచికలు, బైండు చేసినవైనా విడివైనా, ఎవరి అటకమీదైనా ఉంటే దయచేసి ముందుగా ఒక ఫోన్ చేయండి. ఆరో తరగతి పిల్లలకి వాటి అవసరం చాలా ఉంది.