మారేదాన్నే విడదీశాం: బుకింగ్ సిస్టమ్‌తో నా అనుభవం

మా బస్ టికెట్ల సిస్టమ్ అంతా ఒకే జావా అప్లికేషన్, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. దాన్ని సర్వీసులుగా, అంటే వేటికవే నడిచే చిన్న ప్రోగ్రాములుగా విడదీయాలని అనుకున్నాక, టేబుళ్లను బట్టి చేద్దామన్నారు టీమ్‌లో చాలామంది: యూజర్లకొకటి, సీట్లకొకటి, చెల్లింపులకొకటి. నేను ఒప్పుకోలేదు. పని నడిచే వరుసను చూసి కాదు, రేపు మారే అవకాశమున్న నిర్ణయాలను చూసి మాడ్యూళ్లు (ప్రోగ్రామ్‌లోని భాగాలు) విడదీయాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే రాశారు. ఇన్నేళ్లలో ఇంతకన్నా పనికొచ్చే సలహా నాకు కనబడలేదు.

అందుకే గిట్ హిస్టరీ, అంటే కోడ్‌లో ఎప్పుడేం మారిందో చెప్పే రికార్డు, ముందేసుకుని కూర్చున్నాం. ఏ ఫైళ్లు ఎప్పుడూ జంటగా మారుతున్నాయో చూశాం. కొత్త పేమెంట్ గేట్‌వే చేర్చిన ప్రతిసారీ సీట్ల ఫైళ్లలోనూ చేయి పెట్టాల్సి వస్తోంది. పండగ సీజన్ వచ్చిందంటే ఛార్జీల లెక్క మారుతోంది. సీట్ల కేటాయింపు పద్ధతి మాత్రం ఏళ్లుగా అదే. కాబట్టి పేమెంట్, ఛార్జీలు, ఈ రెండే బయటికి తీశాం. మిగతాది కదపలేదు.

అసలు టెన్షన్ పేమెంట్ దగ్గర. ఇదివరకు డబ్బు జమ కావడం, సీటు ఖాయం కావడం ఒకే ట్రాన్సాక్షన్: అయితే రెండూ అవుతాయి, లేదంటే రెండూ కావు. ఇప్పుడు మధ్యలో నెట్‌వర్క్ వచ్చింది. పేమెంట్ సర్వీసు డబ్బు అందినట్టు రాసుకుని, సర్వీసుల మధ్య మెసేజ్‌లు చేరవేసే కాఫ్కాకు మెసేజ్ పంపేలోపే ఆగిపోతే? డబ్బు కట్టీ సీటు దొరకకపోతే, సంక్రాంతికి ఊరెళ్లాల్సిన మనిషి గతేంటి?

దీనికి ఔట్‌బాక్స్ పద్ధతి పెట్టాం. చెల్లింపు రికార్డు, పంపాల్సిన మెసేజ్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పేమెంట్ డేటాబేస్‌లోకే వెళ్తాయి. వేరే ప్రాసెస్ ఒకటి ఆ ఔట్‌బాక్స్ టేబుల్ చదివి, మెసేజ్‌ను కాఫ్కాలో వేసి, పంపినట్టు గుర్తు పెడుతుంది. వేశాక గుర్తు పెట్టేలోపు అది ఆగిపోతే అదే మెసేజ్ మళ్లీ వెళ్తుంది. అందుకని సీట్ల వైపు మెసేజ్ ఐడీకి యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉంది, అంటే ఒకే ఐడీని డేటాబేస్ రెండోసారి నమోదు కానివ్వదు. ఐడీ నమోదూ సీటు ఖాయం చేయడమూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతాయి కాబట్టి రెండోసారి వచ్చిన మెసేజ్ ఏమీ చేయదు. ఈలోగా సీటు ఆపి ఉంచే గడువు దాటి అది వేరొకరికి వెళ్లిపోయి ఉంటే, రీఫండ్ చేయమని పేమెంట్‌కు మెసేజ్ వెళ్తుంది. ఇలా ముందు జరిగిన పనిని తర్వాతి పనితో సరిదిద్దే పద్ధతే సాగా. హెక్టర్ గార్సియా-మోలినా, కెనెత్ సేలం 1987లో దీని మీద పేపర్ రాశారు.

మెసేజ్‌లో కొత్త ఫీల్డులు చేర్చవచ్చు, ఉన్నవి తీసేయడానికి గానీ అర్థం మార్చడానికి గానీ వీల్లేదని నియమం పెట్టుకున్నాం. ఇది లేకపోతే రెండు సర్వీసులనూ ఎప్పుడూ కలిపే డిప్లాయ్ చేయాలి, అంటే కొత్త కోడ్‌ను ఒకేసారి సర్వర్లకు ఎక్కించాలి. ఇక విడదీసి లాభమేముంది?

తర్వాత వచ్చిన గేట్‌వేకి సీట్ల కోడ్‌లో ఒక్క లైను కూడా మారలేదు. సీట్ల భాగాన్నీ విడదీద్దామని ఇప్పటికీ అడుగుతుంటారు. అందుకు కారణం గిట్ హిస్టరీలో చూపించమంటాను.