రాకర్ల దాకా ఆయిల్

ఆదివారం, రాత్రి పది

రెండుసార్లు సబ్బు రుద్దినా చేతులకి డీజిల్ వాసన పోలేదు.

నాన్నగారి 1984 మార్క్ 4 అంబాసిడర్ ఇంజన్‌ని పూర్తిగా విప్పి బిగించాక ఈరోజు మొదటిసారి తిప్పాం. స్టార్ట్ చేయలేదు. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేసి, ఊరికే సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ఎక్కడెక్కడికి చేరుతుందో చూశాం. మేస్త్రీగారు కుర్రతనంలో ఈ బండికే క్లచ్ ప్లేట్ వేశారట. ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు కొడుక్కి అప్పగించి, ఆదివారాలు మర్రిపాలెంలో మా ఇంటికి వస్తున్నారు.

ఆయిల్ పంపు బిగించే ముందే దాన్నిండా ఆయిల్ పోసి చేత్తో తిప్పాం. పొడిగా ఉంటే అది సంప్‌లోంచి, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోంచి, పీల్చుకోలేదు. ఫిల్టర్‌లో కూడా పోశాం. పది సెకన్లు సెల్ఫ్, కాసేపు ఆపడం, మళ్ళీ పది సెకన్లు. నాలుగోసారికి బ్లాక్‌కి తగిలించిన ఆయిల్ ప్రెషర్ మీటర్‌లో ముల్లు కదిలింది. 40 దాటింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మూడు నెలల పని కదా.

మేస్త్రీగారు మీటర్ వైపు చూడనేలేదు. టార్చ్ పట్టుకుని, ఇంజన్ పైన వాల్వుల్ని నొక్కి తెరిచే రాకర్ల మీదకి వంగి ఉన్నారు.

"ఏటి బాబూ, ముల్లు సూసి సంబరపడిపోతన్నావు? పైకి సూడు. చుక్క లేదిక్కడ."

నిజమే. ఎనిమిది రాకర్లూ పొడిగా ఉన్నాయి.

ఈ 1489 సీసీ ఇంజన్‌లో ఆయిల్ దారి చాలా పొడుగు. సంప్ నుంచి పంపు, ఫిల్టర్, మెయిన్ గ్యాలరీ (బ్లాక్‌లోని ముఖ్యమైన ఆయిల్ కాలువ), మూడు మెయిన్ బేరింగులు, క్రాంక్ షాఫ్ట్‌లోని రంధ్రాల గుండా బిగ్ ఎండ్‌లు (పిస్టన్ కడ్డీల కింది బేరింగులు), ఇటు క్యామ్ బేరింగులు. అక్కడి నుంచి ఒక్క సన్నటి దారి పైనున్న హెడ్‌లోకి ఎక్కి, రాకర్ల షాఫ్ట్‌ని మోసే స్టాండ్లలో ఒకే ఒక్కదాని గుండా ఆ బోలు షాఫ్ట్‌లోకి వెళ్తుంది. మా వెనక కొండవాలు ఇళ్ళకి నీళ్ళు ఎక్కినట్టే. కింద ఎక్కడ గొట్టం కారినా, మధ్యలో ఎక్కడ అడ్డుపడినా, పైవాళ్ళ బిందె నిండదు.

కింద కారకూడదనే బేరింగుల దగ్గర అంత పట్టుబట్టాం. బేరింగ్‌లో తిరిగే రెండంగుళాల జర్నల్‌కి రెండు థౌల (అంగుళంలో వెయ్యో వంతులు) సందు, అంటే 0.05 మిల్లీమీటర్లు. ఆ సందు రెట్టింపైతే బయటికి కారే ఆయిల్ రెట్టింపుతో ఆగదు, ఎనిమిది రెట్లవుతుంది. చిక్కటి ఆయిల్ పోసి మీటర్‌లో అంకె పెంచడం నాకెప్పుడూ నచ్చదు. ఏ ఆయిల్ పోసినా పంపు ఒక చుట్టుకి తోసేది దాదాపు అంతే. దారి ఎంత ఇరుకైతే ముల్లు అంత లేస్తుంది. పూర్తిగా మూసుకుపోయిన దారికి కూడా ముల్లు బాగానే లేస్తుంది.

నాకు మొదట అనుమానం గ్యాలరీ మీదకే పోయింది. క్రాంక్ గ్రైండింగ్‌కి ఇచ్చినచోట బ్లాక్ కడిగేశామన్నారు గానీ, గ్యాలరీ చివర్ల ప్లగ్గులు కదపనేలేదు. ఇంటికి తెచ్చాక మేమే తీస్తే లోపల తారు లాంటి మడ్డి, దాంట్లో మెరిసే ఇనుప రజను. అదే ఉండిపోతే కొత్త బేరింగులు వారం కూడా నిలిచేవి కావు. సన్నటి బ్రష్ పెట్టి, డీజిల్ పోసి, గాలి కొట్టి, తెల్లగుడ్డ తెల్లగానే బయటికొచ్చేదాకా తోశాం. కాబట్టి అడ్డు అక్కడ కాదు.

"స్టాండ్ల కింద రేకులేసినావు కదా" అన్నారు మేస్త్రీగారు.

హెడ్ ఫేసింగ్ చేయించాక, అంటే దాని అడుగు చదును చేయించాక, రాకర్ల ఎత్తు సరిపోవడానికి మొన్న ఇత్తడి రేకులు కత్తిరించింది నేనే. స్టడ్డుకి రంధ్రం పెట్టాను. ఆయిల్ ఎక్కే స్టాండ్ కింది రేకుకి రెండో రంధ్రం ఉండాలి. అది పెట్టలేదు.

ఈ ఇంజన్‌లో రాకర్ స్టాండ్లను పట్టుకునే నట్లలో నాలుగు హెడ్ నట్లే. వాటిని ఊరికే విప్పేస్తే గ్యాస్కెట్ పట్టు సడలి నీళ్ళు లోపలికి దిగొచ్చు. అందుకని ముందు రేడియేటర్ నీళ్ళు వదిలేసి, హెడ్ నట్లన్నీ వరసగా కొద్దికొద్దిగా వదులు చేశాం. రేకుకి రంధ్రం వేసి, అంచులు నున్నగా రాసి, మళ్ళీ టార్క్ రెంచ్‌తో మొదట్నుంచీ బిగించాం. రాకర్లకీ వాల్వులకీ మధ్య ఉండే ట్యాపెట్ గ్యాపులూ మళ్ళీ పెట్టాం. భోజనం సంగతి నాలుగింటికి గుర్తొచ్చింది. అమ్మ పులిహోర గిన్నె షెడ్డులోకే పంపింది.

సాయంత్రం మళ్ళీ సెల్ఫ్. మూడోసారికి స్టాండ్ పక్క రాకర్ కింద తేనెరంగు చుక్క కనిపించింది. తర్వాత దాని పక్కది. చివరి రాకర్ దాకా రావడానికి ఇంకో రెండుసార్లు పట్టింది. అక్కణ్ణుంచి పుష్‌రాడ్ల వెంట కిందికి జారడం మొదలైంది.

నాన్నగారు వరండాలోంచే అడిగారు, "ఎనిమిదింటికీ వచ్చిందా?"

"వచ్చింది నాన్నా."

ఆయన కర్ర తీసుకుని లేచి వచ్చారు. నేను టార్చ్ పట్టుకున్నాను. ఒక్కొక్క రాకర్‌నీ వేలితో తాకి చూశారు.

సముద్రపు గాలికి తుప్పు పడుతుందని ఇంజన్ మీద పాత దుప్పటి కప్పి వచ్చాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పని వచ్చే ఆదివారం.