బ్యాకప్ అనుకున్నదే ఫోటోలను చెరిపేసింది

మొన్న ఆదివారం ఒక పాత ఫోటో కావాల్సి వచ్చి న్యాస్‌లో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ డబ్బాలో, ఫోటోల ఫోల్డర్ తెరిచాను. 2020 ఉంది, ఆ తర్వాతవీ ఉన్నాయి, 2014 నుంచి 2019 దాకా ఉండాల్సిన ఆరు ఫోల్డర్లు మాత్రం లేవు. రిఫ్రెష్ చేశాను, సెర్చ్ చేశాను, పర్మిషన్ల గొడవేమోనని అడ్మిన్ యూజర్‌తో లాగిన్ అయి చూశాను. లేవు. చేతులు చల్లబడిపోయాయి, ఎందుకంటే అంతకు తొమ్మిది రోజుల ముందే లాప్‌టాప్‌లో జాగా చాలక, న్యాస్‌లో ఉన్నాయి కదా అనే ధైర్యంతో ఆ ఆరు ఫోల్డర్లనీ నేనే డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను.

కారణం విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్ లాగ్‌లో కనిపించింది. రోజూ రాత్రి 11కి లాప్‌టాప్ నుంచి న్యాస్‌కి కాపీ చేసే టాస్క్ పెట్టుకున్నాను, అందులో మిర్ (/MIR) అనే ఆప్షన్ ఉంది. మిర్ అంటే మిర్రర్, అంటే ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే ఉండాలి, ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదు. ఆ రాత్రి లాగ్ నిండా నక్షత్రం గుర్తుతో 'ఎక్స్‌ట్రా ఫైల్', 'ఎక్స్‌ట్రా ఫైల్' అని వరస కట్టి ఉన్నాయి. ఎర్రర్ ఒక్కటీ లేదు. నేను చెప్పిన పనే అది చేసింది. లినక్స్‌లో ఇలాంటి పనికే వాడే ఆర్‌సింక్‌లో డిలీట్ ఆప్షన్ పెట్టినా, సింక్ పేరుతో వచ్చే చాలా యాప్‌లలోనూ ఇదే జరుగుతుంది. సింక్‌ని బ్యాకప్ అనుకోకండి. న్యాస్‌లో రెండు డిస్కులు రెయిడ్ 1లో, అంటే రెండింటిలోనూ ఒకే డేటా రాసే పద్ధతిలో, ఉన్నా లాభం లేదు, ఒక డిస్క్‌లో చెరిగింది అదే క్షణంలో రెండో దాంట్లోనూ చెరిగిపోతుంది. డిస్క్ పాడైతే రెయిడ్ ఆదుకుంటుంది, మన చేతిలో జరిగిన పొరపాటుకి కాదు.

నన్ను కాపాడింది స్నాప్‌షాట్, అంటే ఒక సమయంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో న్యాస్ గుర్తుపెట్టుకునే ఏర్పాటు. న్యాస్ కొన్నప్పుడు రోజుకొకటి చొప్పున 14 రోజులు ఉంచమని పెట్టి, ఆ సంగతే మర్చిపోయాను. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లలో స్నాప్‌షాట్ తీసినప్పుడు ఫైళ్లన్నీ మళ్లీ కాపీ అవ్వవు, ఆ తర్వాత మారిన, చెరిపిన బ్లాకుల పాత రూపాన్ని మాత్రమే పట్టుకుని ఉంటుంది, అందుకే మొదట్లో జాగా దాదాపు పట్టదు. తొమ్మిది రోజుల కిందటి స్నాప్‌షాట్ తెరిస్తే ఆరు ఫోల్డర్లూ అలాగే ఉన్నాయి. ఇంకో వారం ఆగి చూసుకుని ఉంటే అవీ పోయేవి. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది. ఇప్పుడు రోజువారీవి 30, నెలవారీవి 12 ఉంచుతున్నాను.

ఆ రోజు నుంచి మొత్తం మళ్లీ మొదటి నుంచి అమర్చుకున్నాను. అన్నిటికంటే ముందు మార్చింది యూజర్ అకౌంట్. ఇంతకుముందు రోజువారీ పనికీ బ్యాకప్‌కీ ఒకే యూజర్, పైగా న్యాస్ ఫోల్డర్‌ని లాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి ఎప్పుడూ తెరిచే ఉంచేవాణ్ణి. లాప్‌టాప్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే అది సీ డ్రైవ్ దగ్గర ఆగదు, రాసే అనుమతి ఉన్న ప్రతి షేర్ ఫోల్డర్‌లోకీ వెళ్తుంది. ఇప్పుడు బ్యాకప్ షేర్‌లో నా రోజువారీ యూజర్‌కి చదివే అనుమతి మాత్రమే ఉంది, రాసేది బ్యాకప్ కోసమే పెట్టిన వేరే యూజర్. అనుమతులు షేర్ మీద ఒకటి, లోపలి ఫోల్డర్ మీద ఒకటి, రెండు చోట్ల ఉంటాయి, రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. షేర్‌లో అంతా ఇచ్చాను, అయినా రాయనివ్వట్లేదు అని తల పట్టుకునేవాళ్లు ఫోల్డర్ అనుమతులు కూడా ఒకసారి చూడండి.

ఇక్కడే నాకు రెండు గంటలు పోయాయి. ఒకే విండోస్ లాగిన్ నుంచి ఒకే న్యాస్‌కి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో కనెక్ట్ అవ్వబోతే 1219 ఎర్రర్ వస్తుంది. దానికి నేను చేసిందేమిటంటే, న్యాస్‌లో బ్యాకప్ యూజర్‌కి ఏ పేరు, ఏ పాస్‌వర్డ్ ఉన్నాయో సరిగ్గా అవే పెట్టి లాప్‌టాప్‌లో ఒక లోకల్ అకౌంట్ చేశాను, దానికి ఫోటోల ఫోల్డర్ చదివే అనుమతి ఇచ్చాను, రాత్రి టాస్క్‌ని ఆ అకౌంట్ కింద నడుపుతున్నాను. పేరూ పాస్‌వర్డూ కలిశాయి కాబట్టి న్యాస్ మళ్లీ ఏమీ అడగదు, పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాసిపెట్టే పనీ లేదు. ఆ టాస్క్‌కి మీ జెడ్ డ్రైవ్ కనిపించదు, ఎందుకంటే మ్యాపింగ్ మీ లాగిన్ వరకే. అందుకని రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి దారి ఇవ్వండి.

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా షేర్ తెరిచే అలవాటున్న చాలామందికి విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక ఒక్కసారిగా షేర్లు తెరుచుకోవడం మానేశాయి. నెట్‌లో వెతికితే ఆ అడ్డు తీసేసే సెట్టింగ్ దొరుకుతుంది, పాత డబ్బాల కోసం ఎస్‌ఎమ్‌బీ1 (విండోస్ షేర్లు వాడే భాషలో బాగా పాత వెర్షన్) ఆన్ చేయమనే సలహా కూడా దొరుకుతుంది. రెండూ వద్దు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఎస్‌ఎమ్‌బీ1లోని లోపం పట్టుకునే. న్యాస్‌లో ఒక యూజర్ చేసి పాస్‌వర్డ్ పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

కేబుల్ సంగతి ఒక్క మాట. కాపీ సెకనుకి 11 ఎంబీ దగ్గరే ఆగిపోతుంటే ఎక్కడో లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని అర్థం, చాలాసార్లు పాత కేబులే కారణం. గిగాబిట్ అయితే 110 దాకా వస్తుంది. ఒక టీబీకి రెండున్నర గంటలకీ ఒక రోజుకీ ఉన్న తేడా అది.

రోబోకాపీలో మిర్ తీసేసి /E అనే ఆప్షన్ పెట్టాను, సబ్‌ఫోల్డర్లతో సహా కాపీ చేస్తుంది గానీ అవతల ఏదీ చెరపదు. కమాండ్ మార్చిన ప్రతిసారీ ముందు /L ఆప్షన్‌తో నడుపుతాను, ఏం చేయబోతోందో చూపించి ఊరుకుంటుంది. నెలకొకసారి న్యాస్‌కి యూఎస్‌బీ డిస్క్ తగిలించి ఇంకో కాపీ తీసి, ఆ డిస్క్ విప్పి వేరే ఇంట్లో పెడుతున్నాను. తగిలించినప్పుడల్లా ముందుగా ఏదో ఒక పాత సంవత్సరం నుంచి ఇరవై ఫోటోలు లాప్‌టాప్‌కి తెచ్చి ఒక్కొక్కటీ తెరిచి చూస్తాను. నిన్న 2016 చూశాను, అన్నీ తెరుచుకున్నాయి.