స్ప్రే కొట్టాల్సింది బట్ట మీద కాదు

మొన్న మా మేనకోడలి టీషర్ట్ మీద నెమలి ఈక డిజైన్ ఒకటి మెషీన్ మీద ఎంబ్రాయిడరీ వేస్తుంటే దారం తెగడం మొదలైంది. ఒకసారి తెగితే సరేలే అనుకుని మళ్ళీ ఎక్కిస్తాం, కానీ రెండొందల కుట్లు పడేలోపే మళ్ళీ తెగుతోంది, ఒక్కోచోట అసలు కుట్టే పడట్లేదు, పై దారం పోగులు విడిపోయి పీచులా వస్తోంది. దారం బిగువు (టెన్షన్) తగ్గించా, దారం రీలు మార్చా, కింది దారం ఉండే బాబిన్ మళ్ళీ చుట్టా, కేసు విప్పి బ్రష్‌తో లోపలున్న నూగంతా దులిపా, ఏం చేసినా అదే వరస. చివరికి సూది మారుద్దామని స్క్రూ లూజు చేసి లాగితే సూది నా వేలికి అంటుకుంది. లైటు కింద పెట్టి చూస్తే బెజ్జానికి కాస్త పైన బూడిదరంగు తొడుగులాగా ఏదో పేరుకుని ఉంది, గోటితో గీకితే సాగుతూ ఊడొచ్చింది. జిగురు, నూగు కలిసి ముద్దయ్యాయన్నమాట. స్టెబిలైజర్ మీద, అంటే బట్ట సాగకుండా అడుగున వేసే షీటు మీద, నేను కొట్టిన జిగురు స్ప్రేనే అది, అవసరమైన దానికంటే బాగా ఎక్కువ కొట్టేశా.

అందుకే ఈ టెంపరరీ స్ప్రే జిగురు గురించి కాస్త వివరంగా రాద్దామనిపించింది. నాకిది చాలా ఇష్టమైన వస్తువు, బొంతలు కుట్టేవాళ్ళకి ఇది ఎంత శ్రమ తగ్గిస్తుందో చెప్పలేను. కానీ దీని పనేంటో మనసులో స్పష్టంగా పెట్టుకోవాలి. కుట్టు పడేదాకా బట్ట జరక్కుండా పట్టుకోవడం, అంతే. కుట్టు పడ్డాక ఇక పట్టుకునేది దారమే.

ముందు బొంత సంగతి. పైన ముక్కలు కలిపి కుట్టిన టాప్, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి దూదిలాంటి పొర, కింద బ్యాకింగ్ గుడ్డ, ఈ మూడు పొరలూ జరక్కుండా ఉండాలంటే ఇదివరకు నేను కచ్చా కుట్టు వేసేదాన్ని, తర్వాత అరచేతి వెడల్పుకి ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టేదాన్ని. పెద్ద బొంతకి వందల పిన్నీసులు, నేల మీద మోకాళ్ళేసుకుని పెట్టడం, మళ్ళీ కుట్టేటప్పుడు సూది వాటికి తగలకుండా ఒక్కోటీ తీసుకుంటూ పోవడం, ఇదంతా చేసినవాళ్ళకే తెలుస్తుంది ఆ నడుం నొప్పి. స్ప్రేతో అయితే బ్యాకింగ్‌ని ఇస్త్రీ చేసి, తిరగేసి నేల మీద పరిచి, నాలుగు పక్కలా మాస్కింగ్ టేపుతో అంటిస్తా. టేపు వేసేటప్పుడు గుడ్డని సాగదీసి బిగించకూడదు, ముడత పోయేంతవరకే లాగాలి, సాగదీస్తే టేపు తీసిన వెంటనే అది వెనక్కి లాక్కుని బొంత అంతా ముడతలు పడుతుంది. దాని మీద బ్యాటింగ్ పరిచి సగం వెనక్కి మడిచి, ఆ మడిచిన బ్యాటింగ్ మీదే స్ప్రే కొట్టి, నెమ్మదిగా కిందికి దించుతూ మధ్యలోంచి అంచుల వైపు అరచేత్తో నిమురుతూ పోవాలి. తర్వాత రెండో సగం. తర్వాత టాప్ కూడా ఇదే పద్ధతిలో.

స్ప్రే ఎప్పుడూ బ్యాటింగ్ మీదే, గుడ్డ మీద కాదు. పలచటి కాటన్ గుడ్డ మీద కొడితే అక్కడక్కడా తడి మచ్చల్లా పైకి కనబడుతుంది, బ్యాటింగ్ అయితే లోపల ఉండిపోయేదే కాబట్టి దాని మీద కాస్త ఎక్కువైనా బయటికి తెలీదు. డబ్బాని బాగా ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా కదిలిస్తూ సన్నగా కొట్టాలి. ఒకేచోట పట్టుకుని నొక్కితే గుంటలా తడిసిపోతుంది. కొట్టాక వేలితో తాకి చూడండి, స్టిక్కీ నోట్ వెనకాల ఎంత అంటుకుంటుందో అంత అంటుకుంటే చాలు, వేలికి తడి తగిలిందంటే ఎక్కువైనట్టే. ముడత పడితే ఆ భాగం మెల్లగా లేపి మళ్ళీ అతికించొచ్చు, పిన్నీసుల కంటే ఇందులో నాకు బాగా నచ్చింది ఇదే. కాటన్ బ్యాటింగ్‌కి చక్కగా పడుతుంది, బాగా పొంగుగా ఉండే పాలిస్టర్ దానికి అంతగా పట్టదు, అప్పుడు నేను కొన్ని పిన్నీసులు కూడా కలుపుతా. చేత్తో బొంత కుట్టేవాళ్ళు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు, సూది లాగేటప్పుడు బరువుగా వస్తుంది, కచ్చా కుట్టే హాయి.

ఇక ఎంబ్రాయిడరీకి వస్తే, టీషర్ట్‌ని హూప్‌లో, అంటే ఎంబ్రాయిడరీ రింగులో, బిగిస్తే అది సాగుతుంది, డిజైన్ అయ్యాక తీస్తే చుట్టూ ముడుచుకుపోతుంది. తువ్వాళ్ళు, వెల్వెట్ లాంటివైతే హూప్ అచ్చు పడిపోతుంది, ఒక్కోసారి అది పోదు కూడా. అందుకని స్టెబిలైజర్‌ని మాత్రమే హూప్‌లో డప్పులా బిగించి, దాని మీద సన్నగా స్ప్రే కొట్టి, బట్టని పైన పరిచి అతికిస్తాం. బట్టని నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి మడిచి వేలితో గీత పడేలా నొక్కి, స్టెబిలైజర్ మీద గీసుకున్న ప్లస్ గుర్తుతో కలిపితే డిజైన్ వంకర పోదు. టీషర్ట్‌కైతే పనయ్యాక అంచులు కత్తిరించే కట్ అవే స్టెబిలైజరే వాడండి, చింపి తీసేసే టేర్ అవే వద్దు. తువ్వాలుకైతే పైన నీళ్ళలో కరిగే పలచటి ఫిల్మ్ వేస్తే కుట్లు ఆ కుచ్చుల్లోకి దిగిపోవు.

కానీ జిగురొక్కటే నమ్ముకుంటే కష్టం. డిజైన్ ఒత్తుగా ఉందనుకోండి, వేల కుట్లు బట్టని కొంచెం కొంచెంగా లోపలికి లాగుతాయి, చివర్లో అవుట్‌లైన్ వచ్చేసరికి రంగు ఒకచోట, గీత ఇంకోచోట పడుతుంది. అందుకే చుట్టూ పొడుగు కుట్లతో ఒక చట్రం ముందే వేయించుకుంటా, చాలా మెషీన్లలో బేస్టింగ్ అని ఆ ఆప్షన్ ఉంటుంది. ఆ చట్రం ఉంటే జిగురు సగానికి సగం తగ్గించొచ్చు, సూదికి అంటడం కూడా అంతే తగ్గుతుంది.

సూదికి ఎందుకంత పేరుకుంటుందంటే, నిమిషానికి ఆరేడొందల కుట్ల స్పీడులో సూది ఆ పొరల్లోంచి పోయి వస్తుంటే రాపిడికి వేడెక్కుతుంది, వేడికి జిగురు మెత్తబడి బెజ్జం దగ్గరా దారం నడిచే గాడిలోనూ చేరుతుంది, దారం అక్కడ ఒరుసుకుని చీలిపోతుంది. సూది తీసి దూదికి రబ్బింగ్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే పోతుంది, నా నెమలి ఈక అలా తుడిచాక ఒక్కసారి కూడా తెగకుండా పూర్తయింది. స్పీడు తగ్గించినా తేడా తెలుస్తుంది. ష్మెట్జ్ వాళ్ళ సూపర్ నాన్‌స్టిక్ లాంటి కోటింగ్ ఉన్న సూదులు కూడా దొరుకుతాయి.

మెషీన్ దగ్గర మాత్రం స్ప్రే అస్సలు కొట్టొద్దండీ, దయచేసి. హూప్ మెషీన్‌కి తగిలించి ఉండగానే కొట్టేవాళ్ళని చూశా, నా ప్రాణం విలవిల్లాడింది. ఆ పొగమంచు లాంటి తుంపర గాల్లో తేలి వెళ్ళి టెన్షన్ డిస్కుల మధ్యా బాబిన్ దగ్గరా దిగుతుంది, దాని మీద నూగు పడుతుంది, తర్వాత దాన్ని తీయాలంటే మెషీన్ విప్పాల్సిందే. నేనొక పెద్ద అట్టపెట్టెని పక్కకి పడుకోబెట్టి, వేరే గదిలో కిటికీ పక్కన పెట్టుకున్నా, హూప్ అందులో పెట్టి కొడతా, హూప్ అంచుల మీద పాత కాగితం చుట్టేస్తా. అంటినా గోరువెచ్చని సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదులుతుంది. డబ్బా మీద మంట గుర్తు ఉందంటే పొయ్యి, దీపం, అగరొత్తి ఏదీ దగ్గర్లో ఉండకూడదు. కిటికీ తెరవండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని గదిలోకి రానివ్వకండి.

డబ్బా కొనేటప్పుడు టెంపరరీ, ఫాబ్రిక్ అన్న మాటలు వెతికి చూసుకోండి, అట్టలకీ థర్మాకోల్‌కీ వాడే పర్మనెంట్ స్ప్రే కూడా అచ్చం అలాంటి డబ్బాలోనే వస్తుంది, అది బట్టకి పడిందంటే ఉతికినా పోదు. టెంపరరీ వాటిలోనూ తేడాలున్నాయి, 505 అనే బ్రాండు లాంటివి ఉతికితే పోతాయి, సల్కీ కేకే 2000 కొన్ని రోజుల్లో దానంతటదే ఆవిరైపోతుంది, కాబట్టి అది కొట్టి బొంతని నెలల తరబడి మూల పెట్టేస్తే పొరలు విడిపోతాయి. ఏదైనా సరే ఉతక్కముందు దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టకండి, వేడికి జిగురు గుడ్డలో ఇంకి గట్టిపడి పసుపు మచ్చలా ఉండిపోవచ్చు.

పనయ్యాక డబ్బాని తలకిందులుగా పట్టుకుని ఉత్త గ్యాస్ వచ్చేదాకా రెండు సెకన్లు నొక్కి, నాజిల్ మూతిని ఆల్కహాల్ దూదితో తుడిచి మూత పెడతా. అలా చేయడం మొదలుపెట్టాక ఏ డబ్బా కూడా సగంలో మూసుకుపోలేదు.