పాట ఎవరి దగ్గరుంది? రఖ్మానినోవ్ రెండో కన్సర్టో, నెమ్మది భాగం

పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన పియానో కన్సర్టో. ఆ పేరు చూసి పియానో మీదే చెవి పెట్టుకుని కూర్చుంటే రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రెండో కన్సర్టో మధ్య భాగం సగం చేజారిపోతుంది. అక్కడ మొదట్లో పియానోది పక్కవాద్యం పని. పాటను ఫ్లూట్ ఎత్తుకుంటుంది, దాని నుంచి క్లారినెట్ అందుకుంటుంది. సాగే 11, 12 నిమిషాలూ ఒక్కటే అడుగుతూ ఉండండి: పాట ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

పియానోకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. సుత్తి తీగను కొట్టిన క్షణం నుంచే నాదం తగ్గుతూ పోతుంది. వీణదీ ఇదే బాధ, కానీ వీణకు గమకం ఉంది, తీగ లాగి స్వరాన్ని నడిపించుకోవచ్చు. పియానోకు ఆ దారి లేదు. ద్రుతకాలంలో ఇది బయటపడదు. విలంబంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ వినబడిపోతుంది. కమానుతో వాయించేవి, ఊదేవి అయితే స్వరాన్ని పట్టి నిలపగలవు, పెంచగలవు కూడా. అందుకే రొమాంటిక్ కాలం (దాదాపు పంతొమ్మిదో శతాబ్దం) స్వరకర్తలు నెమ్మది భాగంలో పాటను తరచూ వాటికి అప్పగించి, పియానోతో కింద అలలు అల్లిస్తారు.

ఈ భాగాన్ని విడిగా పెట్టుకుని వినడం చాలామంది చేసే తప్పు. మొదటి భాగం చివరి నిమిషం నుంచి వినండి. అది సి మైనర్‌లో గట్టిగా ముగుస్తుంది, ఇది ఇ మేజర్‌లో నడుస్తుంది. మన లెక్కలో ఒకటో శ్రుతి నుంచి మూడో శ్రుతికి ఆధార షడ్జమే జరిగిపోవడం. బ్రిడ్జి మీద నాదాన్ని మెత్తబరిచే మ్యూట్ బిగించిన వయొలిన్లూ వాటి తోటి తంత్రులూ నాలుగు బార్లలో (బారు అంటే మన ఆవర్తనం లాంటిది) ఆ పని చేస్తాయి.

భజన మండలి హార్మోనియం దొరికితే ఈ జరగడాన్ని వేళ్లతో చూడొచ్చు. ఒకటో శ్రుతిలో షడ్జం, సాధారణ గాంధారం, పంచమం కలిపి నొక్కండి. ఇప్పుడు షడ్జాన్ని కాకలి నిషాదానికి దించండి, గాంధారాన్ని అంతర గాంధారానికి, పంచమాన్ని శుద్ధ ధైవతానికి ఎక్కించండి. మూడు వేళ్లూ ఒక్కో మెట్టే కదిలాయి, అయినా పాత స్వరం ఒక్కటీ మిగల్లేదు. అంత దగ్గర, అంత దూరం. రఖ్మానినోవ్ ఒక్క దూకు దూకకుండా మధ్యలో మరికొన్ని స్వరకూర్పులు వేసి నింపాదిగా తీసుకెళ్తాడు. తంబూరా యాప్ పెట్టుకుని వినే అలవాటుంటే మాత్రం కట్టేయండి, రెండో నిమిషానికే తలనొప్పి.

తాళం వేస్తూ వినేవాళ్లకు ఇక్కడో మెలిక ఉంది. రాతలో బారుకు నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడేసి స్వరాలు, మొత్తం 12. అంటే నాలుగు తకిటలు. కానీ పియానో అల ఆకారం నాలుగేసి స్వరాల గుంపులుగా తిరుగుతుంది, అంటే మూడు తకధిమిలు. చెవి హాయిగా మూడు దెబ్బలకు కుదురుకుంటుంది. ఫ్లూట్ వచ్చి నాలుగు దెబ్బల నడక చూపగానే తాళం తప్పినట్టు ఉలిక్కిపడతాం. తప్పింది మనమే. తొడ మీద నాలుగు దెబ్బలు వేస్తూ నోటితో అదే వ్యవధిలో మూడు తకధిమిలు సరిపెట్టడం సాధన చేయండి. అది పట్టుబడితే పియానో, ఫ్లూట్ రెండూ ఒకేసారి వినబడతాయి. ఈ అల ఈ భాగం రాసిన 1900 నాటిది కూడా కాదు. ఒకే పియానో ముందు ముగ్గురు కూర్చుని వాయించే రొమాన్స్ అనే చిన్న రచన కోసం 1891లోనే రాసుకున్నది.

తర్వాత చేతులు మారతాయి: పాట పియానోకు వస్తుంది, అల క్లారినెట్‌కూ వయొలిన్లకూ పోతుంది. మధ్యలో వేగం పుంజుకుని పియానో ఒంటరి విన్యాసం దాకా వెళ్తుంది. ఆ హడావిడి సద్దుమణిగాక మ్యూట్ బిగించిన వయొలిన్లు పాటను తిరిగి ఎత్తుకుంటాయి, పియానో మళ్లీ పాత అలకే వస్తుంది. నా మటుకు ఈ భాగంలో గొప్ప క్షణం అదే, ఆ విన్యాసం కాదు. మొదటి సింఫనీ దెబ్బతిని రఖ్మానినోవ్ కుంగిపోవడం, డాక్టర్ నికొలాయ్ దాల్ చికిత్స, ఆ డాక్టరుకే ఈ కన్సర్టోను అంకితమివ్వడం అందరూ చెప్పే కథే. వినడానికి దానితో పనిలేదు.

శబ్దం సంగతి. నల్లగొండలో మే నెలలో కూలర్ కట్టేసి వినమనడం అన్యాయం, కానీ కూలర్ హోరులో ఆ మొదటి నాలుగు బార్లు అసలు వినబడవు. వినబడట్లేదని వాల్యూమ్ పెంచితే మధ్యలో చెవులు అదురుతాయి. ముందు ఒంటరి విన్యాసం దగ్గరికి జరిపి అక్కడ భరించగలిగినంత పెట్టుకుని, వెనక్కొచ్చి మొదలుపెట్టండి. మొదట్లో సన్నగా ఉందనిపించినా ముట్టుకోవద్దు. బోరు మోటార్లు మొదలుకాకముందు, తెల్లవారుజామున ఇయర్‌ఫోన్లతో వింటే మంచిది. ఫోన్ స్పీకర్‌లో ఎడమచేతి మంద్ర స్వరాలు మాయమై అల గాల్లో వేలాడుతుంది. భాగాల మధ్య ప్రకటన వచ్చే చోట వినొద్దు, శ్రుతి మారిన ముచ్చటే పోతుంది.

రఖ్మానినోవే స్టొకావ్‌స్కీ నడిపిన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో 1929లో వాయించిన రికార్డు ఉంది. దాన్ని రెండోసారికి ఉంచుకోండి. పాత రికార్డు బుసలో మ్యూట్ తంత్రులు కలిసిపోతాయి. కానీ ఆయన సాగదీయడు, అది తెలియాలంటే అదే వినాలి.

లేదు, పియానోయే పాడాలి అంటే షోపాన్ మొదటి కన్సర్టోలోని రొమాన్స్‌కు వెళ్లండి. మ్యూట్ వయొలిన్లు దారి వేస్తాయి, పియానో ఒక్కో స్వరం చుట్టూ చిన్న చిన్న అలంకారాలు చుట్టి ఆరిపోయే నాదాన్ని కప్పేస్తుంది. చైకోవ్‌స్కీ మొదటి కన్సర్టో నెమ్మది భాగంలో మాత్రం ఫ్లూటే ముందు. బ్రామ్స్ రెండో కన్సర్టో మూడో భాగంలో ప్రధాన పాట ఒంటరి చెల్లోది (వయొలిన్ జాతిలోనే పెద్దది, మంద్రంగా పలికేది). పియానో దాని చుట్టూ తిరుగుతుంది, దాన్ని ఊరిస్తుంది, ఆ పాటను ఉన్నదున్నట్టు మాత్రం ఒక్కసారీ వాయించదు.