ఎకోలో ఉంది, ప్రింట్‌ఎన్వ్‌లో లేదు

"ఎకో కొడితే విలువ కరెక్ట్‌గానే వస్తోంది కదన్నా, మరి ప్రోగ్రామ్‌కి ఎందుకు అందట్లేదు?" అంటూ టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు స్క్రీన్ నా వైపు తిప్పాడు. లైనక్స్ టెర్మినల్‌లో జావా హోమ్ వేరియబుల్, అంటే జావా ఎక్కడుందో ప్రోగ్రామ్‌లకు చెప్పడానికి పేరు పెట్టి ఉంచిన విలువ. దాన్ని ఎకో కమాండ్‌తో చూశాడు. అదే పేరుతో ప్రింట్‌ఎన్వ్ అనే ఇంకో కమాండ్ కొట్టి చూడమన్నాను. ఏమీ రాలేదు, ఖాళీ లైన్ కూడా లేదు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఎకోలో షెల్ (మనం కొట్టే కమాండ్‌లను నడిపే ప్రోగ్రామ్) తన దగ్గరే ఉంచుకున్న వేరియబుల్స్ కూడా కనిపిస్తాయి. ఎన్వ్, ప్రింట్‌ఎన్వ్ మాత్రం ఎక్స్‌పోర్ట్ అయినవే చూపిస్తాయి, అంటే ఆ షెల్ నుంచి మొదలయ్యే ప్రోగ్రామ్‌లకు కాపీగా వెళ్లేవి. ఉత్త సెట్ కమాండ్ కొడితే అన్నీ కలిపి వస్తాయి, బ్యాష్ అనే షెల్‌లో అయితే ఫంక్షన్లతో సహా పేజీలకు పేజీలు, కాబట్టి పేజీ పేజీగా చూపించే లెస్ కమాండ్‌కి పైప్ చేసుకోవడం, అంటే అవుట్‌పుట్‌ని అటు పంపడం మేలు.

ఎక్స్‌పోర్ట్ చేశాడు, ప్రోగ్రామ్ లేచింది.

ఎలాగూ కూర్చున్నాం కదా అని నాకు బాగా నచ్చే ఇంకో చోటు కూడా చూపించాను: ప్రాక్ డైరెక్టరీలో, నడుస్తున్న ప్రాసెస్ (ప్రోగ్రామ్) నంబర్ కింద ఎన్విరాన్ అనే ఫైల్. తెరిస్తే అన్నీ అతుక్కుపోయి కనిపిస్తాయి, ఎందుకంటే మధ్యలో ఉండేది కొత్త లైన్ కాదు, నల్ క్యారెక్టర్ (విలువ సున్నా అయిన, తెరపై కనిపించని గుర్తు). అక్షరాలను మార్చే టీఆర్ కమాండ్‌తో దాన్ని కొత్త లైన్‌గా మార్చుకుంటే శుభ్రంగా చదవొచ్చు. అందులో ఉండేది ప్రాసెస్ మొదలైనప్పటి విలువలు. మనం ఇప్పుడు షెల్‌లో ఏం మార్చినా దానికి చేరదు, రీస్టార్ట్ చేయాల్సిందే.

పాస్‌వర్డ్‌లు, టోకెన్‌లు కూడా అందులో అలాగే కనిపిస్తాయి, రూట్‌కీ (అన్ని అధికారాలున్న యూజర్), ఆ ప్రాసెస్ ఏ యూజర్ పేరున నడుస్తోందో ఆ యూజర్‌కీ. ఎన్వ్ అవుట్‌పుట్‌ని గ్రూప్‌లో పెట్టేముందు దయచేసి ఒక్కసారి పైనుంచి కిందదాకా చదవండి.