చాల్దిరాన్ డయోరామా, ఆరో వారం: బండ్లకి గొలుసులు పడ్డాయి

హమ్మయ్య, ఫిరంగి బండ్ల లైను ఇవాళ్టికి నిలబడింది. కొత్తగా చూసేవాళ్ళ కోసం చెప్తున్నా, 1514 ఆగస్టు 23న ఇప్పటి ఇరాన్ వాయవ్య మూలన చాల్దిరాన్ మైదానంలో ఒట్టోమన్ (టర్కీ) సుల్తాన్ సెలీమ్‌కీ సఫావిద్ (ఇరాన్) షా ఇస్మాయిల్‌కీ జరిగిన యుద్ధం, దాన్ని 1:72, అంటే అసలు సైజులో 72వ వంతు ప్లాస్టిక్ బొమ్మలతో నాలుగడుగుల బోర్డు మీద పెడుతున్నా.

బండ్లు పది చేశా. ఐస్‌క్రీమ్ పుల్లలు కోసి పెట్టెలు, చక్రాలకి పాత షర్టు గుండీలు. సెలీమ్ వాళ్ళు బండ్లని గొలుసులతో కలిపికట్టి వాటి వెనక జానిసరీ (సుల్తాన్ సొంత కాల్బలం) తుపాకీ వాళ్ళని నిలబెట్టారు కదా, ఆ గొలుసు దగ్గరే రెండు వారాలు పోయాయి. మొదట నల్లదారం కట్టా, బట్టలారేసే తాడులా ఉంది. చివరికి బేగంబజార్లో ఇమిటేషన్ నగల షాపులో సన్న గొలుసు మీటరు కొన్నా, షాపాయన ఇంట్లో వాళ్ళకా అనడిగితే బండికి అని చెప్పలేక అవునన్నా. దానిమీద డైరెక్టుగా నలుపేస్తే గోటితో గీకగానే ఊడొచ్చింది, ముందు ప్రైమర్ (రంగు పట్టుకోడానికి వేసే అడుగు పూత) కొట్టి ఆరాక నలుపు, ఆ పైన తుప్పు రంగు పొడిబ్రష్‌తో అలా తాకిస్తే సరిపోయింది. పన్నెండేళ్ళ తర్వాత పానిపట్‌లో బాబర్ ఇదే పద్ధతిలో 700 బండ్లు కట్టించాడు, కాకపోతే గొలుసుల బదులు పచ్చితోలు తాళ్ళు, ఆ యుద్ధం ఎంచుకునుంటే నా దారం పనికొచ్చేది.

ఇంకో దెబ్బ ఏంటంటే థర్మోకోల్ గుట్ట మీద స్ప్రే ప్రైమర్ కొట్టేశా, చూస్తుండగానే గుట్ట కాస్తా గుంటైపోయింది. మళ్ళీ చేసి ఫెవికాల్ రెండు కోట్లు పూసి, ఇసక చల్లి, రంగు మాత్రం బ్రష్‌తోనే వేశా.

కిజిల్‌బాష్ రౌతులు, అంటే ఇస్మాయిల్ గుర్రపు దళం వాళ్ళు, 26 అయ్యారు. వాళ్ళ ఎర్ర టోపీకి పన్నెండు మడతలుంటాయి, షియాల పన్నెండుమంది ఇమాముల గుర్తుగా, ఈ సైజులో నాలుగు గీతలు గీస్తే చాలు కన్ను మిగతావి ఊహించుకుంటుంది. కింద తెల్ల ప్రైమర్ లేకపోతే ఎరుపు ఇటుక రంగులా చచ్చిపోతుంది. బొమ్మల్ని ముందు సబ్బునీళ్ళలో కడగండి, ఆ మెత్త ప్లాస్టిక్ మీద జిడ్డుంటే రంగు పట్టదు.

ఇప్పుడసలు తలనొప్పి ఏ క్షణం చూపించాలన్నది. ఇస్మాయిల్ తనే తన సైన్యం కుడివైపు నుంచి వచ్చి ఒట్టోమన్ ఎడమ రెక్కని చీల్చేశాడు, రుమేలియా (ఒట్టోమన్ల యూరప్ భాగం) దళాన్ని నడిపిన హసన్ పాషా అక్కడే చనిపోయాడు. ఇటు రెండో వైపు సఫావిద్ సేనాని ముహమ్మద్ ఖాన్ ఉస్తాజ్లూ దళం ఫిరంగులకి ఎదురెళ్ళి అతనూ పోయాడు, గుళ్ళు పేలేముందు ఎదురుగా నిలబడ్డ అజాబులు (ఒట్టోమన్ల తేలికపాటి కాల్బలం) పక్కకి తప్పుకోవాలి, ఆ దారి తెరుచుకునే క్షణమే నాకిష్టం. చిత్రమేంటంటే శత్రువు కుదురుకోకముందే మీద పడదాం అన్నది ఈ ఉస్తాజ్లూనే, ఇంకో సఫావిద్ సేనాని దుర్మీష్ ఖాన్ షామ్లూ ఒప్పుకోలేదు, షా అతని మాటే విన్నాడు. వినకపోయుంటే నాకీ బండ్ల చాకిరీ తప్పేది!

ఇంకా జానిసరీలు పద్దెనిమిది, ఇస్మాయిల్ గుర్రం మిగిలాయి. అజాబుల్ని ప్రస్తుతానికి మైదాముద్దతో నిలబెట్టా, వాళ్ళెంత దూరం జరగాలో తేలేదాకా జిగురు ముట్టను, మా అమ్మాయి మాత్రం ఇద్దర్ని అప్పుడే సఫావిద్ వైపు తిప్పేసింది.